పూర్వపక్షం లేని సిద్ధాంతం: తెలుగు జీవశాస్త్ర ప్రవేశపాఠాలలో కణం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

జీవశాస్త్రంలో అడుగుపెట్టే తెలుగు విద్యార్థికి మొదట ఎదురయ్యేవి రెండు పాఠాలు. శాస్త్రం ఎలా పనిచేస్తుందన్నది ఒకటి, కణం అంటే ఏమిటన్నది మరొకటి. మొదటి పాఠం బోధించిన పద్ధతి రెండో పాఠంలో కనిపించకపోవడమే ఈ వ్యాసానికి విషయం. కణసంబంధమైన పారిభాషిక పదాలలో దాగిన రూపకాలను, కణచరిత్రను కథనం చేసే తీరును, తరగతిగది ప్రయోగాన్ని నడిపే తీరును ఇది పరిశీలిస్తుంది. భారతీయ శాస్త్రచర్చలో సుపరిచితమైన పూర్వపక్ష, సిద్ధాంత విభాగాన్ని విమర్శకు సాధనంగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: కణం, కోశం, పరికల్పన, పూర్వపక్షం, సిద్ధాంతం, పారిభాషిక పదాలు, రాబర్ట్ హుక్, ఏటీపీ, ఉల్లిపొర.

1. ప్రవేశిక

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చివరి సంవత్సరాలలో రూపొందిన ఎనిమిదో తరగతి జీవశాస్త్ర పాఠ్యపుస్తకంలో మొదటి పాఠం శాస్త్రమంటే ఏమిటన్నది. రెండోది కణం. ఈ వరుస ఆ పుస్తకానికే ప్రత్యేకమైనది కాదు. ముందు పద్ధతి, తరువాత విషయం అన్నది జీవశాస్త్ర ప్రవేశగ్రంథాలలో స్థిరపడిన ఏర్పాటు. ఏర్పాటులో తప్పులేదు. పరిశీలన, ప్రశ్న, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అనే మెట్లను మొదటి పాఠంలో ఎక్కిన విద్యార్థి రెండో పాఠంలోకి వచ్చేసరికి ఆ మెట్లు మాయమవుతాయి. కణాన్ని ఎవరు కనుగొన్నారు, ఏ సంవత్సరంలో కనుగొన్నారు, దానిలో ఏయే భాగాలున్నాయి, ఒక్కో భాగం పని ఏమిటి అన్న జాబితా మిగులుతుంది. పద్ధతి ఒక పాఠంగా మార్కులు సంపాదించి పక్కకు తప్పుకుంటుంది.

శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పే ప్రయత్నం నిన్నమొన్నటిది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలకూ చోటిచ్చింది. ఆచంట లక్ష్మీపతి ‘జీవశాస్త్ర సంగ్రహము’ ఆ కాలపు కృషికి సాక్ష్యం. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పదకోశాలను, కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను అందించింది. వేమూరి వేంకటేశ్వరరావు ‘జీవరహస్యం’ వంటి రచనలు పాఠ్యప్రణాళిక వెలుపల అదే పని చేశాయి. కనుక తెలుగులో జీవశాస్త్రం చెప్పగలమా అన్న ప్రశ్నకు వందేళ్ళకు పైబడిన సమాధానం ఉంది. చెప్పినప్పుడు ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది వేరే ప్రశ్న. దానికి తగినంత విమర్శ రాలేదు. పద్యానికి, కథకు దక్కిన సూక్ష్మపఠనం పాఠ్యపుస్తక వచనానికి దక్కకపోవడం వింతే. తెలుగునాట అత్యధికులు జీవితంలో చదివే వచనం అదే కదా.

2. కణమా, కోశమా, ఘటమా

ఆంగ్లపదానికి మూలమైన లాటిన్ మాటకు చిన్న గది అని అర్థం. సన్యాసుల మఠంలో ఒక్కొక్కరికి కేటాయించే గదికీ, తేనెపట్టులోని అరకూ ఆ మాట వాడుకలో ఉంది. ఆ పదంలోని ప్రధానభావన ఆవరణ: చుట్టూ గోడ, లోపల ఖాళీ. తెలుగు ‘కణం’ సంస్కృతం నుంచి వచ్చింది. దానికి గింజ, నలుసు, రేణువు అని అర్థాలు. వైశేషిక దర్శనకర్తకు కణాదుడనే పేరు కూడా ఈ అర్థంతో ముడిపడినదే. కణమనగానే తెలుగువారి మనసులో మెదిలేది అతి చిన్నది, గట్టిది, ఇంకా విడగొట్టరానిది. ధూళికణం, జలకణం, ఇసుకకణం అన్న వాడుకలు ఈ భావనను బలపరుస్తాయి.

ఇరుగుపొరుగు భాషలను చూస్తే ఈ ఎంపిక విశిష్టత తెలుస్తుంది. హిందీ కోశిక అంది. కన్నడం జీవకోశ అంది. మలయాళం, బెంగాలీ కూడా కోశాన్నే పట్టుకున్నాయి. తమిళం మాత్రం ప్రాణాణువు అనే అర్థం వచ్చేలా ఉయిరణు అని తెలుగు పక్షాన నిలిచింది. తెలుగులో కోశం అనే మాటకు అప్పటికే పనిభారం ఎక్కువ. పదకోశం, ధనకోశం అటుంచి, జీవశాస్త్రంలోనే పువ్వులో అండకోశం, దేహంలో మూత్రకోశం ఉన్నాయి. ఆ మాటకు సంచి, తిత్తి అన్న అర్థం స్థిరపడింది. ఆసక్తికరమైన విషయం మరొకటుంది. అదే ఆంగ్లపదాన్ని విద్యుత్తు పాఠంలో తెలుగు ‘ఘటం’ అని అనువదించింది. రసాయనాలను నింపుకున్న పాత్రకు ఘటమన్న పేరు అతికినట్లు సరిపోయింది. అంటే భౌతికశాస్త్రం దగ్గర ఆవరణ భావనను గుర్తించిన భాష, జీవశాస్త్రం దగ్గర నలుసు భావనను ఎంచుకుంది. ఒక మూలపదం తెలుగులో రెండుగా చీలి, రెండు పాఠాలలో రెండు బొమ్మలను గీస్తోంది.

ఇక్కడ తప్పొప్పుల తీర్పు తేలిక కాదు. ఆంగ్లపదమూ నిర్దోషి కాదు. ఖాళీ గది అన్న బొమ్మ రెండు శతాబ్దాలపాటు వృక్షశాస్త్రజ్ఞుల దృష్టిని గోడమీదే నిలిపింది. లోపలి జీవపదార్థమే ప్రధానమని, గోడ జంతుకణాలలో అసలు ఉండదని గ్రహించడానికి పందొమ్మిదో శతాబ్ది సగం గడవవలసి వచ్చింది. తెలుగు పదం ఆ పొరపాటుకు తావివ్వదు. అయితే దానివల్ల కలిగే ఇబ్బంది వేరు. నలుసు అనుకున్నదానికి లోపల భాగాలు ఉంటాయన్నది, ఆ భాగాలకు మళ్ళీ పొరలు ఉంటాయన్నది పదానికి ఎదురీదే సమాచారం. పైగా ‘కణ సిద్ధాంతం’ అన్న పదబంధం జీవశాస్త్రంలో ఒకటి, కాంతి స్వభావాన్ని చర్చించే చోట మరొకటి. ‘కేంద్రకం’ పరమాణువుకూ ఉంది, కణానికీ ఉంది. ఒకే తరగతిలో, కొన్నిసార్లు ఒకే రోజున, రెండు పిరియడ్లలో ఈ రెండు జంటలనూ విన్న విద్యార్థి వాటిని కలగాపులగం చేసుకుంటే ఆశ్చర్యపడనక్కరలేదు. జనరంజక రచనలలో కనిపించే ‘జీవకణం’ అనే రూపం ఈ చిక్కును కొంత తప్పిస్తుంది. పాఠ్యపుస్తకం పొదుపు కోసం ‘జీవ’ను వదిలేసింది, ఆ పొదుపు ఖరీదైనది.

కేంద్రకమన్న మాటే మరో రూపకం. నడిమధ్యన ఉండేదని అది చెబుతుంది. ముదిరిన వృక్షకణంలో పెద్ద రిక్తిక మధ్యభాగాన్ని ఆక్రమిస్తుంది, కేంద్రకం ఒక అంచుకు నెట్టబడుతుంది. రిక్తిక అంటే ఖాళీది అని అర్థం. కాని దాని నిండా లవణాలు, చక్కెరలు, రంగుపదార్థాలు కలిసిన కణరసం ఉంటుంది. అంటే ఉల్లిపొరను చూస్తున్న విద్యార్థి ముందు మధ్యలో లేని కేంద్రకం, ఖాళీ లేని రిక్తిక ఉంటాయి. ఈ వైరుధ్యాన్ని ఒక్క వాక్యంలో విప్పి చెబితే పదం వెనుక చరిత్ర, చరిత్ర వెనుక పరిశీలన తెలుస్తాయి. పాఠాలు ఆ వాక్యాన్ని రాయవు. పేరును నిర్వచనంగా, నిర్వచనాన్ని సత్యంగా అందిస్తాయి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎదురెదురు పుటలలో ఇంగ్లీషు, తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. రెండు పదాలు పక్కపక్కనే కనిపిస్తున్న ఈ సందర్భంలో వాటి మధ్య తేడాను గురించి అడగడానికి ఇంతకు మించిన అవకాశం ఉండదు.

3. బెండు ముక్క వెనుక ప్రశ్న

కణం పాఠాలన్నీ దాదాపు ఒకే వాక్యంతో మొదలవుతాయి. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, తేనెపట్టు వంటి అరలను గమనించి, వాటికి కణాలని పేరు పెట్టాడు, అవి మృతకణాలు. ఈ వాక్యంలో అబద్ధమేదీ లేదు, కాని సత్యంలో ముఖ్యభాగం లేదు. హుక్ బెండునే ఎందుకు తీసుకున్నాడు? కోసి చూడడానికి అతనికి ఇంకేమీ దొరకలేదా?

‘మైక్రోగ్రాఫియా’లోని ఆ అధ్యాయం చదివితే సమాధానం స్పష్టం. బెండు అంత తేలికగా ఎందుకుంటుంది, నొక్కితే అణగి వదిలితే మళ్ళీ ఎందుకు ఉబ్బుతుంది, నీటిని పీల్చుకోకుండా ఎందుకు తేలుతుంది అన్నవి అతన్ని పట్టి పీడించిన ప్రశ్నలు. పదునైన చాకుతో పలుచని పొరను చెక్కి, తెల్లని ఆ పొర స్పష్టంగా కనిపించడానికి నల్లని పలకపై పెట్టి, కటకంతో దానిపై వెలుగు కేంద్రీకరించి చూశాడు. అంతటితో ఆగలేదు, లెక్కపెట్టాడు. ఒక అంగుళం పొడవులో 1,080 అరలు ఉంటాయని అంచనా వేసి, చదరపు అంగుళంలో 11,66,400 అనీ, ఘనపు అంగుళంలో 125 కోట్లకు పైగా అనీ గుణించి చెప్పాడు. మూసుకున్న అరలలో గాలి చిక్కుకుని ఉండడమే తేలికదనానికీ, సాగేగుణానికీ కారణమని తేల్చాడు. అతను వెతికింది జీవానికి మూలప్రమాణం కాదు, ఒక పదార్థం ప్రవర్తనకు కారణం. జీవశాస్త్రపు తొలి పుట భౌతికశాస్త్రపు ప్రశ్నకు సమాధానంగా పుట్టింది. ఆ ప్రశ్నను తీసివేస్తే మిగిలేది అదృష్టవశాత్తు ఏదో చూసిన మనిషి కథ.

నామకరణం కూడా పాఠాలు చెప్పినంత లాంఛనంగా జరగలేదు. హుక్ ఆ అరలను రంధ్రాలన్నాడు, పెట్టెలన్నాడు, గదులన్నాడు. మాటలు మార్చి మార్చి వాడాడు. వాటిలో ఒకటి తరువాతి తరాల చేతిలో నిలిచింది. ‘మృతకణాలు’ అన్న తీర్పు బెండు వరకే వర్తిస్తుంది. ఇతర మొక్కల బెండునూ, గాజరగడ్డ వంటి వాటినీ పరిశీలించి, పచ్చిగా ఉన్నప్పుడు ఆ అరలు రసంతో నిండి ఉండడం తాను చూశానని అతను రాశాడు. అంతేకాదు, ఒక అర నుంచి మరొక అరకు దారులున్నాయేమోనని వెతికి, అవి తనకు కనిపించలేదని ఒప్పుకుని, కనిపించనంత మాత్రాన లేవని తేల్చలేనని కూడా చెప్పాడు. ఆ దారులు నిజంగానే ఉన్నాయి. వృక్షకణాల గోడల గుండా సాగే ఆ సన్నని జీవపదార్థపు పోగులను 1879లో ఎడువర్డ్ టాంగ్ల్ వర్ణించాడు. రెండు వందల పధ్నాలుగేళ్ళ అంతరంతో ఒక సందేహానికి జవాబు దొరికింది. శాస్త్రపద్ధతి పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కావాలంటే దొరకదు. అది పక్క పాఠంలోనే ఉంది, ఎవరూ దాన్ని తీసుకోరు.

తెలుగు పాఠం ఈ సందర్భాన్ని చేజార్చుకోవడంలో మరో విచారకరమైన అంశముంది. బెండు తెలుగువారికి పరాయి వస్తువు కాదు. గాలానికి కట్టే బెండు, పెళ్ళి బాసికాలకు వాడే జీలుగు బెండు తెలిసినవే. హుక్ చూసింది ఓక్ జాతి చెట్టు బెరడు నుంచి వచ్చినది. జీలుగు బెండు వేరే మొక్కది, వేరే తరహాది. అయినా తేలికదనం గురించిన ప్రశ్న రెండింటికీ ఒకటే. బెండు ఎందుకు తేలుతుందని అడిగిన పిల్లవాడు హుక్ ఆరంభించిన చోటే ఆరంభిస్తాడు. పాఠం అతన్ని అక్కడ ఆరంభించనివ్వదు. సంవత్సరంతో ఆరంభిస్తుంది.

హుక్ తరువాత లీవెన్‌హుక్ పేరు వస్తుంది. నీటిలో కదలాడే సూక్ష్మజీవులను చూశాడన్న వాక్యంతో అతని కథ ముగుస్తుంది. డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి 1676లో పంపిన లేఖను లండన్ రాయల్ సొసైటీ వెంటనే నమ్మలేదన్నది, ఇతరులు ప్రయత్నించి విఫలమయ్యాక 1677 నవంబరులో హుక్ స్వయంగా ఆ జీవులను చూపించగలిగాకే నమ్మిందన్నది పాఠాలకు అక్కరలేని వివరాలు. ఒకరు చూసినది మరొకరు చూడగలగాలి అన్న నియమం మొదటి పాఠంలో ఒక అంశంగా ఉంటుంది. దానికి ప్రాణం పోసే సంఘటన రెండో పాఠంలో ఉండదు.

4. సిద్ధాంతం ఉంది, పూర్వపక్షం ఎక్కడ?

మీమాంసకుల అధికరణంలో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం అనే క్రమం ఉంది. ఎదుటివాని వాదాన్ని, అతను కూడా మెచ్చేంత బలంగా నిలబెట్టి, ఆ తరువాతే దాన్ని ఖండించాలి. పూర్వపక్షం బలహీనమైతే సిద్ధాంతమూ బలహీనమే. ఆధునిక శాస్త్రంలోని మాటకు తెలుగు ‘సిద్ధాంతం’ అన్న పదాన్నే స్వీకరించింది, కాని దాని వెనుక ఉన్న క్రమాన్ని స్వీకరించలేదు. వాడుకలో ఆ పదం ముగిసిపోయిన విషయానికి గుర్తు. పంచాంగం గణించేవారిని సిద్ధాంతిగారు అనడం కూడా ఈ నిశ్చితత్వం వల్లనే కావచ్చు. మరోపక్క ‘పరికల్పన’లోని కల్పన అనే భాగం విద్యార్థికి ఊహాగానంలా వినిపిస్తుంది. ఒకటి మరీ పొడి, మరొకటి మరీ రాయి. పరీక్షకు నిలబడి గట్టిపడడం అనే నడిమి దశకు తెలుగు పాఠంలో పేరు లేకుండా పోయింది. దర్శనశాస్త్రం ఇచ్చిన పేరు ఉన్నా దాన్ని వాడుకోలేదు.

కణ సిద్ధాంతాన్ని ఈ దృష్టితో చదవాలి. జీవులన్నీ కణాలతో ఏర్పడ్డాయి, జీవులకు నిర్మాణాత్మక, క్రియాత్మక ప్రమాణం కణమే, పూర్వకణాల నుంచే కొత్త కణాలు పుడతాయి అన్న మూడు అంశాలను పాఠాలు వరుసగా ఇస్తాయి. మొదటి రెండింటికి ష్లీడన్, ష్వాన్, మూడోదానికి విర్కో. చూడడానికి ముగ్గురు కలిసి ఒక ఇల్లు కట్టినట్లు ఉంటుంది. జరిగింది వేరు. 1838లో ష్లీడన్ ప్రతిపాదించిన దాని ప్రకారం కొత్త కణాలు ద్రవంలో స్ఫటికాలు ఏర్పడే పద్ధతిలో, కేంద్రకం చుట్టూ పదార్థం చేరి, కొత్తగా గట్టిపడతాయి. 1839లో ష్వాన్ ఆ అభిప్రాయాన్నే జంతువులకు విస్తరించి, స్ఫటికంతో పోలికను మరింత సాగదీశాడు. అంటే కణ సిద్ధాంత కర్తలుగా పేరుపొందిన ఇద్దరూ మూడో అంశానికి పూర్వపక్షులు. ఆ పూర్వపక్షం తెలివితక్కువది కాదు. జీవపదార్థం నిర్జీవ పదార్థపు నియమాలకే లోబడుతుందన్న గొప్ప ఆశయం దాని వెనుక ఉంది. అది ఓడిపోయింది పరిశీలన వల్ల. బెర్లిన్‌లో రాబర్ట్ రెమాక్ పిండాల అభివృద్ధిని గమనిస్తూ కణాలు విభజన ద్వారానే పెరుగుతాయని 1850ల ఆరంభంలో గట్టిగా వాదించాడు. విర్కో 1855లో అదే విషయాన్ని సూత్రీకరించినప్పుడు రెమాక్‌కు దక్కవలసిన గుర్తింపు దక్కలేదు. యూదుడైన కారణంగా రెమాక్‌కు పూర్తిస్థాయి ఆచార్యపదవి కూడా అందలేదు. పాఠ్యపుస్తకాలు ఈనాటికీ ఆ లోపాన్ని అలాగే కొనసాగిస్తున్నాయి.

గాల్జీ ఉదాహరణ ఇంకా విశేషమైనది. గాల్జీ సంక్లిష్టాన్ని 1898లో కమిల్లో గాల్జీ కనుగొన్నాడని విద్యార్థి కంఠస్థం చేస్తాడు. నాడీమండలం వేర్వేరు కణాలతో కాక, ఒకదానితో ఒకటి కలిసిపోయిన వల వంటి అల్లికతో ఏర్పడిందని ఆ శాస్త్రవేత్త నమ్మాడని విద్యార్థికి తెలియదు. అతని వెండి వర్ణక పద్ధతినే వాడి స్పెయిన్‌కు చెందిన రమోన్ ఇ కహాల్ నాడీకణాలు విడివిడి ప్రమాణాలని చూపాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ వేదిక మీద కూడా గాల్జీ తన వాదాన్నే సమర్థించుకున్నాడు. కణాంగానికి తన పేరు ఉన్న మనిషి, మెదడు విషయంలో కణ సిద్ధాంతానికి ప్రతివాది. ఆ కణాంగం సంగతీ అంతే. అది వర్ణకం వల్ల ఏర్పడిన భ్రమ అని ఎందరో సందేహించారు; 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక గాని ఆ సందేహం తీరలేదు. ఒక్క పేరులో రెండు వివాదాలు, ఒకదానిలో గెలుపు, మరొకదానిలో ఓటమి. పాఠంలో మాత్రం ‘చదునైన తిత్తుల వంటి నిర్మాణాలు’ అన్న వర్ణన మిగిలింది.

ఇంత చరిత్రను ఎనిమిదో తరగతి పిల్లలకు మోపాలా అన్న అభ్యంతరం సహజం. దానికి బరువు ఉంది కూడా. పేర్లు, తేదీలు పెంచితే భారం పెరుగుతుంది. అయితే ఇప్పుడున్న పాఠంలో పేర్లు, తేదీలు లేకపోలేదు. వాటికి కారణాలు లేవు. ఐదుగురు శాస్త్రవేత్తలను ఐదు వాక్యాలలో చెప్పే బదులు ఇద్దరి వాదాన్ని ఒక పుటలో చెప్పవచ్చు. మోత తగ్గుతుంది, విషయం పెరుగుతుంది.

5. శక్తి భాండాగారం అనే రూపకం

మైటోకాండ్రియాను కణపు శక్త్యాగారమనీ, శక్తి భాండాగారమనీ తెలుగులో రాయడం పరిపాటి. ఇది 1957లో ఫిలిప్ సికెవిట్జ్ వాడిన ఆంగ్ల రూపకానికి అనువాదం. మూలంలో ఉన్నది విద్యుత్తును ఉత్పత్తి చేసే కేంద్రం. తెలుగులో అది కొట్టుగా, ధాన్యాగారంగా మారింది. భాండాగారంలో వస్తువును దాస్తారు, కావలసినప్పుడు తీస్తారు. మైటోకాండ్రియా అటువంటి నిల్వగది కాదు. ఆహారపదార్థాల ఆక్సీకరణంలో విడుదలయ్యే శక్తితో అది ఏటీపీని ఎప్పటికప్పుడు తయారు చేస్తుంది. ఏ క్షణంలోనైనా శరీరంలో ఉండే ఏటీపీ కొద్దిపాటిదే; అదే మళ్ళీ మళ్ళీ విడిపోతూ, మళ్ళీ మళ్ళీ కూడుతూ ఉంటుంది. శక్తిని దాచిపెట్టే పని కొవ్వుది, గ్లైకోజెన్‌ది, మొక్కలలో పిండిపదార్థానిది. ఒక్క మాట తప్పుగా ఎంచుకోవడం వల్ల ప్రవాహం నిల్వగా మారింది.

తెలుగు పాఠకునికి మూలరూపకం అందనిది కాదు. శ్రీశైలం ఆనకట్ట వెనుక నీరు ఎత్తున నిలుస్తుంది, కిందికి దూకుతూ టర్బైన్లను తిప్పుతుంది. 1961లో పీటర్ మిచెల్ చేసిన ప్రతిపాదన సారాంశం ఇంచుమించు ఇదే. మైటోకాండ్రియా లోపలి పొరకు ఒక పక్క ప్రోటాన్లు చేరుతాయి, పొరలోని ఎంజైమ్ గుండా రెండో పక్కకు జారుతాయి, ఆ ఎంజైమ్‌లో ఒక భాగం నిజంగానే గిరగిర తిరుగుతూ ఏటీపీని కూర్చుతుంది. చాలాకాలం సహాధ్యాయులు అంగీకరించని ఈ ప్రతిపాదనకు 1978లో నోబెల్ బహుమతి లభించింది. ప్రవేశపాఠంలో ఇంత వివరం అవసరం లేదు. కాని ‘విద్యుత్కేంద్రం’ అన్న మాట అయినా ఉంటే, పైతరగతిలో ఆ వివరం ఎదురైనప్పుడు పాత బొమ్మను చెరిపేసుకునే పని తప్పుతుంది.

ఇక్కడే మరో మౌనాన్ని గుర్తించాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశాడు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వారు 1925లో ప్రకటించారు. అది ఈనాటికీ ఆ ఇద్దరి పేర్లతోనే చలామణిలో ఉంది. ఆ కొలతతో కండరాన్ని పరీక్షిస్తుండగా ఆమ్లద్రావణంలో రంగు అనుకున్నట్లు కాక ఆలస్యంగా తేలడం వారిని ఆపింది. లోపమని తోసివేయకుండా దాని వెంటపడడం వల్ల 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కే, సుబ్బారావులు వేర్వేరుగా కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. ఈ తెలుగు శాస్త్రవేత్త పేరు తెలుగు పాఠాలలో రాకపోదు. వచ్చినప్పుడు జీవితచరిత్ర పాఠంలో, ఔషధాల జాబితాతో, స్ఫూర్తి పొందవలసిన మహనీయునిగా వస్తుంది. కణశ్వాసక్రియ పాఠంలో, ఒక పొసగని కొలతను వదలని పరిశోధకునిగా రాడు. గౌరవం మిగిలింది, పని మరుగునపడింది.

లైసోజోముల విషయమూ దీనికి దగ్గరిదే. వాటిని ‘స్వయంవిచ్ఛిత్తి సంచులు’ అని పరిచయం చేస్తారు. వాటి నిత్యకృత్యం చెడిన భాగాలను, బయటి నుంచి వచ్చిన పదార్థాన్ని జీర్ణం చేయడం. పేరు మాత్రం అరుదైన ఘట్టాన్ని పట్టుకుంది. క్రిస్టియన్ డి దూవ్ బృందం కాలేయపు ఎంజైములను కొలుస్తుండగా, తాజా నమూనాలో అతి తక్కువగా కనిపించిన ఒక ఎంజైమ్ చురుకుదనం, ఐదు రోజులు ఫ్రిజ్‌లో నిల్వ ఉన్నాక ఎన్నో రెట్లు పెరిగింది. పాతబడితే తగ్గవలసినది పెరగడమేమిటి? ఆ ఎంజైమ్‌ను ఏదో పొర మూసి ఉంచిందని, పొర చినిగినప్పుడే అది బయటపడుతోందని వారు ఊహించారు. ఎవరూ కళ్ళతో గుర్తించకముందే ఒక కణాంగం ఉనికి అనుమాన ప్రమాణంతో తెలిసింది. పరికల్పన అంటే ఏమిటో చెప్పడానికి మామిడిపండు రంగు, బల్బు వెలగకపోవడం వంటి కృతక ఉదాహరణలను వెతుక్కునే పాఠాలకు ఇది చేతికందే దూరంలోనే ఉంది.

6. ఉల్లిపొర ముందు విద్యార్థి

ప్రయోగకృత్యాలు ఈ పాఠాలకు గర్వకారణం. ఉల్లిగడ్డ పొరను ఒలిచి, గాజుపలకపై నీటిచుక్కలో పరచి, సాఫ్రనిన్ వేసి, కవర్‌స్లిప్ ఒకవైపు నుంచి మెల్లగా దించి చూడమంటారు. బుగ్గ లోపలి కణాలను మిథిలీన్ బ్లూతో చూడమంటారు. ఆదేశాలు స్పష్టంగానే ఉంటాయి. చిక్కు ఆ తరువాతి వాక్యంలో ఉంది: మీరు చూసినదాన్ని పక్కనున్న పటంతో పోల్చండి. జవాబు ముందే అచ్చయింది. పటంలో లేనిది కనిపిస్తే అది తప్పు, పటంలో ఉన్నది కనిపించకపోయినా విద్యార్థిదే తప్పు. ఈ కారణంగానే తరగతిలో గీసిన బొమ్మలలో అధికభాగం సూక్ష్మదర్శినిలోంచి కాక పుస్తకంలోంచి వస్తాయి. సాధారణ సూక్ష్మదర్శినిలో కనిపించే అవకాశమే లేని అంతర్జీవద్రవ్యజాలాన్ని కూడా కొందరు గీస్తారు. వారిని తప్పుపట్టడం అన్యాయం.

అదే పొరతో వేరే పనులు చేయవచ్చు. ఖరీదు పెరగదు. పారదర్శకమైన స్కేలును తక్కువ వృద్ధీకరణలో చూసి, మిల్లీమీటరు నిడివిలో ఎన్ని కణాలు పట్టాయో లెక్కిస్తే హుక్ చేసిన గుణకారం విద్యార్థి చేతిలోకి వస్తుంది. ఆకుపచ్చని రియో ఆకు పొరలోని పత్రరంధ్రాల అంచున హరితరేణువులు కనిపించి, ఉల్లిగడ్డ లోపలి పొరలో ఒక్కటీ కనిపించకపోతే, వృక్షకణాలలో హరితరేణువులు ఉంటాయన్న వాక్యాన్ని ప్రశ్నించాలి. వెలుతురు చేరని పొర గురించి ఆలోచించాలి. గాలిబుడగను కణంగా పొరబడిన విద్యార్థి ఉంటే, నల్లని మందపు అంచుగల ఆ గుండ్రని ఆకారం కణం కాదని ఎలా రుజువు చేయాలో తరగతి మొత్తాన్ని అడగవచ్చు. కవర్‌స్లిప్‌ను సున్నితంగా నొక్కితే ఏది కదులుతుంది, ఏది కదలదు అన్న పరీక్ష ఎవరికైనా తడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ చెప్పేది ఎర్ర ఉల్లి. దాని పై రేకు వెలుపలి పొరలో ఊదారంగు సహజంగానే ఉంటుంది, వర్ణకం అక్కరలేదు. పాఠం రిక్తిక అని పిలిచే భాగంలోనే ఆ రంగు ఉంది. పొరపై గాఢమైన ఉప్పునీటి చుక్క వేసి చూస్తే, గోడ ఉన్నచోటే ఉంటుంది. రంగు మాత్రం గోడను వదిలి లోపలికి ముడుచుకుపోతుంది. గోడకూ రంగుకూ మధ్య తెల్లని ఖాళీ ఏర్పడుతుంది. గోడ వేరు, పొర వేరు అన్నది అప్పుడు కంటికి తెలుస్తుంది. రంగు ముద్ద అంచే ఇంచుమించు ఆ పొర ఉన్న చోటు. ఉప్పునీటిని అద్దుడు కాగితంతో లాగేసి మంచినీరు వేస్తే, పొర దెబ్బతినకుండా ఉంటే, రంగు మెల్లగా మళ్ళీ గోడ దాకా వ్యాపిస్తుంది. నీరు ఎటు నుంచి ఎటు వెళ్ళింది, రంగు ఎందుకు బయటికి కారిపోలేదు, చచ్చిన పొరలోనూ ఇలాగే జరుగుతుందా అన్న ప్రశ్నలకు ఆ పుటలో పటం అచ్చువేయకుండా ఖాళీ జాగా వదిలితే చాలు.